కొలెస్టరాలు మాత్రలు – స్పైరులినా పొడి

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు సభ్యులు పాల లెక్కలతోబాటు ఈ ప్రశ్న కూడా వేస్తున్నారు. కొలెస్టరాలుకు డాక్టరు వ్రాసిన మాత్ర మాని స్పైరులినా పొడి వాడవచ్చునా? మానరాదు. మాత్రతోపాటు పొడి వాడే విషయం వేరు, దానిని గూర్చి తెలిసికొందాం.

స్పైరులినాను నాచు అంటారు గాని, శాస్త్రరీత్యా అది నీలి ఆకుపచ్చ రంగు గల బాక్టీరియా. ఆఫ్రికాలో చాద్ సరస్సు ప్రాంతంవారు దీనిని ఎండబెట్టి ఆహారంగా తింటారు. ఎండు పొడిలో నూటికి సుమారు 60 పాళ్ళు మాంసకృత్తులే. మంచి ఆహారమే, కాదనము.

మాత్ర సంగతి చూడండి. కొలెస్టరాలులో ఎక్కువ భాగం మన కాలేయమే తయారుచేస్తుంది. స్టాటిన్ మాత్ర ఆ తయారీని తగ్గిస్తుంది. అప్పుడు కాలేయం రక్తంలోని చెడ్డ కొలెస్టరాలును ఎక్కువగా లాగుకొంటుంది. మోతాదును బట్టి అది నూటికి 30 నుండి 50 వంతుల వరకు తగ్గుతుంది. గుండెపోటు, పక్షవాతం తగ్గుతాయని వేలాది రోగులపై జరిపిన పరీక్షలలో రుజువైంది. స్పైరులినాతో చిన్న పరీక్షలు కొన్ని జరిగాయి, కొలెస్టరాలు కొంత తగ్గింది. గుండెపోటును ఆపిందన్న రుజువు మాత్రం లేదు.

“పొడి వాడాక ఒంట్లో హుషారుగా ఉంది, మాత్ర ఎందుకు?” అనేవారున్నారు. కొలెస్టరాలు పెరిగినా ఏ బాధా తెలియదు, తగ్గినా తెలియదు. పాలను కంటితో చూసి వెన్న శాతం వ్రాసే టెస్టరును మనం ఒప్పుకొంటామా? ఇక్కడా రక్తపరీక్షే ప్రమాణం. మాత్ర మానితే కొద్ది వారాలలోనే కొలెస్టరాలు తిరిగి పాత అంకెకు చేరుతుంది.

ఒకేరోజున దాణానూ పచ్చిమేతనూ మార్చి, వెన్న పెరిగితే ఏది పెంచిందో చెప్పలేము. అందుచేత మాత్ర మొదలుపెట్టాక 4 నుండి 12 వారాలలో పరీక్ష చేయించుకోండి. ఆ అంకె తెలిసిన తరువాతనే, డాక్టరుతో చెప్పి, పొడి కలుపుకోండి. మాత్ర మోతాదు మార్చకుండా మళ్ళీ పరీక్ష చేయించండి. అంకె కదలకపోతే పొడికి పెట్టే డబ్బు దాణాకు పెట్టుకోవచ్చు.

రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు డాక్టరు అనుమతి లేనిదే ఈ పొడి ముట్టరాదు. ఇందులోని కె విటమిను ఆ మందు పనికి అడ్డు రావచ్చును. శుభ్రంలేని నీటిలో పెంచిన సరుకులో సీసం వంటి లోహాలు, విషపు నాచు కలిసే ప్రమాదం ఉంది. విడిగా అమ్మే పొడి కొనవద్దు, డబ్బాపై లైసెన్సు నంబరు చూడండి. కండరాల నొప్పులు విపరీతమైనా, మూత్రం ముదురు రంగుగా వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళి, మాత్ర చీటీతోపాటు పొడి డబ్బా కూడా చూపించండి.