ముక్కల బొమ్మ - పసివాని బుద్ధివికాసము

పసిపిల్లల ఆటలను పెద్దలు సాధారణముగా కాలక్షేపముగానే ఎంచుదురు. కాని బడి ఈడు రాని బిడ్డకు ఆటయే పాఠము. అట్టి ఆటలలో ఖర్చు తక్కువై ఫలము ఎక్కువైనది ముక్కల బొమ్మ. ఒక చిత్రమును అట్టపై గాని చెక్కపై గాని అంటించి, ముక్కలుగా కోసి, తిరిగి జోడించుటయే ఈ ఆట. ఆంగ్లమున దీనిని జిగ్‌సా పజిల్ అందురు. జిగ్‌సా అనగా వంపులు కోయుటకు వాడు సన్నని రంపము.

ఈ ఆట పుట్టినది పాఠము చెప్పుటకే. 1760 ప్రాంతమున లండను నగరములో జాన్ స్పిల్స్‌బరీ అను పటముల చెక్కడపు పనివాడు, దేశపటమును పలుచని చెక్కపై అంటించి, దేశముల సరిహద్దుల వెంబడి కోసి విక్రయించినాడు. పిల్లలకు భూగోళము నేర్పుటయే దాని ఉద్దేశము. 1907లో రోము నగరపు పేదవాడలో పిల్లల గృహమును తెరిచిన మరియా మాంటిస్సోరి తన పద్ధతిలో ఇట్టి చెక్క పటములకు స్థానమిచ్చినది. ఆమె 1939లో మదరాసు అడయారుకు వచ్చి మన దేశపు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన సంగతి విద్యారంగమున ప్రసిద్ధము. నేటి జాతీయ విద్యావిధానమును అనుసరించి 2023లో కేంద్ర ప్రభుత్వము విడుదల చేసిన ‘జాదూయీ పిటారా’ పెట్టెలో కూడ బొమ్మలతోపాటు పజిళ్లున్నవి.

బిడ్డకు ఏమి అబ్బును?

ముక్కను చేత పట్టి త్రిప్పి చూచునపుడు బిడ్డ మనస్సులో కూడ ఆ ముక్క తిరుగును. పైన, క్రింద, మూల, అంచు, వంపు, సగము అను మాటలకు చేతిలోనే అర్థము దొరకును. చికాగో విశ్వవిద్యాలయపు పరిశోధకులు 53 మంది పిల్లలను, వారి వయస్సు 26 నెలలు మొదలు 46 నెలల వరకు, ఇండ్లలోనే గమనించి 2012లో ఫలితములను ప్రకటించినారు. వారిలో ఇంచుమించు సగము మంది ముక్కల బొమ్మలతో ఆడుచు కనిపించినారు. నాలుగున్నర ఏండ్ల వయస్సున పరీక్షింపగా, అట్లు ఆడినవారు ఆకారములను మనస్సులో కలిపి త్రిప్పి చూచు పనిలో మెరుగుగా నిలిచినారు. తల్లిదండ్రుల చదువు, ఆదాయము లెక్కలోనికి తీసికొన్నను ఈ తేడా నిలిచినది. అయితే ఆట వలననే ఆ నేర్పు కలిగినదని దీనితో రుజువు కాలేదు. నేర్పుగల పిల్లలే ఆ ఆటను కోరుకొని ఉండవచ్చును. ఈ సంగతిని దాచక చెప్పుకొనుట న్యాయము.

పెద్దల పాత్ర

1976లో వుడ్, బ్రూనర్, రాస్ అను ముగ్గురు పండితులు, మూడు మొదలు ఐదేండ్ల పిల్లలు 30 మందికి, చెక్కదిమ్మెలను పేర్చి గోపురము కట్టు పనిని అప్పగించి, నేర్పువారు ఎట్లు సాయపడవలెనో పరిశీలించినారు. ఆ సాయమునకు వారు వాడిన మాట మన తాపీ పనివారి ‘పరంజా’కు సరియైనది. గోడ లేచు వరకు పరంజా ఉండవలెను. గోడ నిలిచిన పిదప తీసివేయవలెను. దానిని మరచి పరంజానే గోడ అనుకొను పెద్దలు పెక్కుమంది. నేనును వారిలో ఒకడను.

మా అక్క కుమారునికి అప్పుడు నాలుగేండ్లు. ఇంటి భాష ఉర్దూ, బడి భాష తెలుగు. బడిలో నోరు విప్పడని, బుద్ధిమాంద్యము కాబోలునని అక్కడివారు చెప్పి పంపినారు. అది మిరప కోతల కాలము. అక్క తెల్లవారక ముందే కల్లమునకు పోయి, ఎర్రని కాయల నుండి తాలుకాయలను ఏరు పని చేయుచుండెను. ఆ మాట విన్న రాత్రి ఆమె అన్నము ముట్టలేదు.

నేను బజారు నుండి ఇరువది ముక్కల పెట్టె ఒకటి తెచ్చితిని. చిన్నవాడు ఒక ముక్కను త్రిప్పుచుండగనే ఆత్రముతో నేను లాగికొని సరియైన చోట పెట్టితిని. ఇట్లు నాలుగైదు మార్లు జరిగినది. వాడు పలకను నా వైపునకు నెట్టి, “తుమీచ్ కర్లో మామూ” అని లేచిపోయినాడు. బొమ్మ పూర్తియైనది గాని అది నా బొమ్మ.

మరునాడు ఎరువుల దుకాణపు పాత క్యాలెండరులోని ఎద్దులబండి చిత్రమును అట్టకు అంటించి తొమ్మిది ముక్కలు కోసితిని. ఈసారి వాని ప్రక్కన కూర్చున్నది మా అమ్మ. ఆమెకు అక్షరములు రావు. ఆమె ముక్కను తాకలేదు. “సింగ్ కిధర్ హై రే?” అని మాత్రము అడిగినది. వాడు కొమ్మును వెదకినాడు, దొరికినది. పిదప కన్ను, పిదప చక్రము. తప్పు ముక్క పెట్టినను ఆమె ఊరకుండెను. వాడే తీసి, త్రిప్పి, మరల పెట్టినాడు. కడపటి ముక్క కుదిరినపుడు వాడు తెలుగులో “బండి వచ్చింది” అన్నాడు. ఆ మాట వాడు ఎప్పుడు నేర్చెనో మాకు తెలియదు.

ఆ బొమ్మను బడికి తీసికొనిపోయితిమి. ఉపాధ్యాయిని వానిని ఇద్దరు పిల్లల నడుమ కూర్చుండబెట్టినది. ఒక పిల్ల కొమ్మును తలక్రిందులుగా పెట్టగా, వాడు “అట్ల కాదు, పైకి” అని చెప్పినాడు. బుద్ధిమాంద్యపు మాట ఆపైన ఎవరును ఎత్తలేదు.

ఆడించు క్రమము

రెండేండ్ల బిడ్డకు మూడు, నాలుగు పెద్ద ముక్కలు చాలును. మూడేండ్లకు ఆరు మొదలు పండ్రెండు, నాలుగేండ్లకు ఇరువది వరకు ఇయ్యవచ్చును. ఇది ఉజ్జాయింపు మాత్రమే. బిడ్డ ఓపికయే అసలు కొలత. మూడేండ్ల లోపు వారికి నోట పట్టు చిన్న ముక్కలు ఈయరాదు.

పెద్దలు అంచుల నుండి ప్రారంభింతురు. పిల్లలు ముఖము నుండి ప్రారంభింతురు. వారి త్రోవను మార్చవద్దు. బిడ్డ చిక్కుకొన్నపుడు మొదట కొంతసేపు మౌనముగా ఉండవలెను. తరువాత ఒక ప్రశ్న, తరువాత రంగు గుర్తు చేయుట, తరువాత రెండు ముక్కలు చూపి ఎన్నుకొమ్మనుట, చివరకు ముక్కను కొంచెము త్రిప్పి ఇచ్చుట. ఇదియే మెట్ల వరుస. బిడ్డ ఒక ముక్క తానుగా పెట్టగానే పెద్దలు ఒక మెట్టు వెనుకకు తగ్గవలెను. ఏ భాషలో మాటాడవలెనన్న సంశయము వలదు. ఇంటి భాషలో తెలిసిన ‘ఊపర్’ బడిలోని ‘పైన’కు దారి చూపును.

చేయు విధానము

పాత క్యాలెండరు గాని శుభలేఖ గాని తీసికొని, మైదా జిగురుతో దళసరి అట్టకు అంటించి, పుస్తకముల బరువు క్రింద ఒక రాత్రి ఉంచవలెను. ఆరిన పిమ్మట బ్లేడుతో పెద్దలే కోయవలెను. ముక్కలు జారకుండ మిఠాయి పెట్టె మూతలో పేర్చింపవచ్చును. ప్రతి బొమ్మ ముక్కల వెనుక ఒకే గుర్తు వేసి గుడ్డసంచిలో భద్రపరచిన, ఒక దాని ముక్క మరొక దానిలో కలియదు.

సహాధ్యాయులారా! 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము క్రింద నడచు అంగన్‌వాడీలు మన పల్లెలలో ఉన్నవి. పత్తి తీతకు, మిరప కోతకు తల్లులు పోయిన వేళ మూడు మొదలు ఆరేండ్ల పిల్లలు అక్కడ కూర్చుందురు. మనలో ఒక్కొక్కరు సెలవులలో ఒక్కొక్క బొమ్మ చేసి, ఒక్కొక్క గంట వారి ప్రక్కన కూర్చుండిన చాలును. జాతీయ సేవా పథకపు కార్యక్రమములలో దీనిని చేర్చి, అట్టలకు, జిగురుకు కొద్ది పైకము కేటాయింపవలసినదిగా కళాశాల కమిటీ వారిని సవినయముగా కోరుచున్నాను. పల్లెకు పోవునపుడు చేతులు కట్టుకొని కూర్చుండుట మాత్రము ముందుగా అభ్యసింతము. నాకు అన్నిటికంటె కష్టమైన పాఠము అదియే.