దూడల పారుడు – గుడ్డు సొనలోని రక్షణ



పుట్టిన రెండో నాడో మూడో నాడో దూడ నీళ్ళలా పారుకుంటుంది. సాయంత్రానికి కళ్ళు లోతుకు పోతాయి. తెల్లవారేసరికి లేవలేదు. ఆ దూడతో పాటు ఆ ఇంటి రేపటి పాడి కూడా పోతుంది. "గుడ్డు సొన ఈ జబ్బును ఆపుతుందట, రెండు పచ్చిగుడ్లు తాగించవచ్చునా?" అని మేము సంఘాలకు వెళ్ళినప్పుడు సభ్యులు అడుగుతున్నారు. ఆ మాటలో నిజం ఉంది. కాని అంగట్లో కొన్న గుడ్డుతో ఆ పని జరగదు. ఎందుకో చూద్దాము.

కోడి తన పిల్లకిచ్చే రక్షణ

కోడికి ఏదైనా రోగక్రిమి సోకినా, టీకా వేసినా, ఆ క్రిమిని ఎదిరించే యాంటీబాడీలు దాని రక్తంలో తయారవుతాయి. అవి గుడ్డు పచ్చసొనలో చేరి, పుట్టబోయే పిల్లను కాపాడతాయి. ఈ సంగతిని జర్మన్ వైద్యుడు ఫెలిక్స్ క్లెంపరర్ 1893లోనే చూపాడు.

చిన్న దూడల పారుడుకు ముఖ్యమైన కారణాలలో ఇ. కొలి ఒకటి. దీనిలో కె-99 రకం క్రిమి తన ఒంటి మీది సన్నని నూగుతో పేగు గోడను అంటుకొని విషం వదులుతుంది. ఈ క్రిమితో చేసిన టీకాను కోళ్ళకు వేసి, వాటి సొనను పొడి చేసి పాలలో కలిపి ఇస్తే, యాంటీబాడీలు ఆ నూగును పట్టుకుంటాయి. పేగును అంటుకోలేని క్రిమి పేడతో బయటికి పోతుంది. 1992లో జపాన్ శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరీక్షలో, టీకా వేయని కోళ్ళ సొన తాగిన దూడలు తీవ్రంగా పారుకొని చనిపోయాయి. టీకా వేసిన కోళ్ళ సొన తగినంత మోతాదులో తాగినవి కొద్దిగా పారుకొని బతికాయి.

దీని హద్దులు

ఏ క్రిమికి టీకా వేశారో ఆ క్రిమి మీదనే ఈ సొన పని చేస్తుంది. మామూలు గుడ్డులో మన దూడను పీడించే క్రిమికి తగిన యాంటీబాడీలు ఉంటాయన్న నమ్మకం లేదు. పైగా పచ్చిగుడ్డుతో సాల్మొనెల్లా క్రిమి దూడకు సోకవచ్చు. సొన పొడిని మరిగే పాలలో కలిపితే దాని గుణం చెడుతుంది. అది పేగులో నిలిచి ఉండదు కనుక, ప్రమాదమున్న రోజులన్నీ ఇస్తూ ఉండాలి. అటువంటి పొడి దొరికినా పశువైద్యుని సలహాతోనే వాడవలెను.

జున్ను ముందు దూడకు

కోడి సొనలో ఇచ్చేదానిని ఆవు, గేదె ముర్రుపాలలో ఇస్తాయి. తల్లి కడుపులో ఉండగా దూడకు యాంటీబాడీలు అందవు. పుట్టాక తాగిన ముర్రుపాల నుండే రక్తంలోకి చేరాలి. గంట గంటకూ ఆ శక్తి తగ్గిపోయి, ఒక రోజు గడిచేసరికి దాదాపు ఆగిపోతుంది. మాయ పడేదాకా పాలు తాగనీయకపోవడం, మొదటి పాలతో జున్ను వండి ఇంటింటికీ పంచడం మన పల్లెల్లో ఇంకా ఉన్నది. జున్ను పంచుకోవద్దని మేము అనము. దూడ కడుపు నిండాక మిగిలినదే వండుకోండి.

గుర్తుంచుకోండి

1. ఈనిన గంట రెండు గంటల లోపే ముర్రుపాలు పట్టండి. మాయ కోసం ఆగవద్దు.

2. మొదటి రోజున దూడ బరువులో పదో వంతు పాలు అందాలి. 30 కిలోల దూడకు 3 లీటర్లు. దీనిని రెండు మూడు సార్లుగా పట్టండి.

3. బొడ్డుకు టింక్చర్ అయోడిన్ పూయండి. పడుకునే చోటు పొడిగా ఉంచండి.

4. పారుడు మొదలైతే పాలు మాన్పించవద్దు. మధ్య మధ్య ఓ.ఆర్.ఎస్. నీరు పట్టండి. కళ్ళు లోతుకు పోయినా, చెవులు చల్లబడినా, లేవలేకపోయినా వెంటనే పశువైద్యుని పిలవండి.

గుడ్డు సొన మంచి తోడే. కాని తల్లి పాలు దూడకు మొదటి టీకా. దానికి ఖర్చు లేదు, ఆలస్యం మాత్రం పనికిరాదు.