హిమేజీ కోట: 400 ఏళ్ళ కర్ర కట్టడం దగ్గర ఒక రోజు

ఎక్స్ఛేంజ్ సెమిస్టర్ కోసం జపాన్‌లోని ఒసాకాలో ఉన్నప్పుడు ఒక ఆదివారం హిమేజీ కోటకి వెళ్ళొచ్చాను. ఒసాకా నుంచి రైల్లో గంట ప్రయాణం. స్టేషన్ బయటికి రాగానే తిన్నగా ఒక పెద్ద రోడ్డు, దాని చివర గుట్ట మీద తెల్లగా కోట. రెక్కలు విప్పిన తెల్ల కొంగలా ఉంటుందని అక్కడివాళ్ళు దీన్ని 'తెల్లకొంగ కోట' అని కూడా పిలుస్తారు.

కోట అనగానే మనకి రాతి గోడలు, బురుజులే గుర్తొస్తాయి. ఇక్కడ మాత్రం పునాది గోడ వరకే రాయి, దాని పైన ఉన్నదంతా కర్రే. భూకంపాలు, తుఫానులు, అగ్నిప్రమాదాలు మామూలైన దేశంలో ఇంత పెద్ద కర్ర భవనం 400 ఏళ్ళు ఎలా నిలబడింది? ఆ రోజంతా నేను వెతికింది దీనికి జవాబే.

కొంచెం చరిత్ర

ఈ గుట్ట మీద 14వ శతాబ్దం నుంచే కోట ఉంది. 1580 ప్రాంతంలో టొయొటోమి హిదెయోషి ఇక్కడ మూడంతస్తుల బురుజు కట్టించాడు. 1600లో సెకిగహారా యుద్ధం గెలిచిన తొకుగావా ఇయెయాసు, ఈ ప్రాంతాన్ని తన అల్లుడు ఇకెదా తెరుమాసాకి ఇచ్చాడు. ఆయన 1601 నుంచి 1609 వరకు కట్టించిందే ఇప్పుడు మనం చూసే పెద్ద బురుజు. 1993లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

కింద రాయి

బురుజు కింద రాతి గోడ ఎత్తు దాదాపు 15 మీటర్లు. రాళ్ళ మధ్య సున్నం గానీ సిమెంటు గానీ లేదు. గోడ కింద వాలుగా మొదలై, పైకి వెళ్ళేకొద్దీ నిటారుగా మారుతుంది. విసనకర్ర అంచులా ఉంటుంది కాబట్టి జపనీయులు దీన్ని 'విసనకర్ర వాలు' అంటారు. మూలల దగ్గర పొడుగు రాళ్ళను ఒక వరసలో ఇటు, పై వరసలో అటు తిప్పి పేర్చారు. మనం ఇటుక గోడ మూలలో చేసే పనే ఇది, కాకపోతే పెద్ద బండలతో.

గోడ వెనక చిన్న రాళ్ళు నింపుతారు. వాన నీళ్ళు వాటి మధ్య నుంచి దిగిపోతాయి, గోడ మీద నీటి ఒత్తిడి పెరగదు. రిటైనింగ్ వాల్ లెక్కల్లో మనం డ్రైనేజీ అని ఒక్క లైను రాసి వదిలేస్తాం కదా, ఇక్కడ ఆ ఒక్క లైనే శతాబ్దాలుగా గోడని కాపాడుతోంది.

ఒక గోడలో వల కప్పిన చిన్న రాయి కనిపిస్తుంది. అది తిరగలి రాయి. హిదెయోషి కోట కట్టేటప్పుడు రాళ్ళు చాలడం లేదని విని, ఒక పేద అవ్వ తన బతుకుతెరువైన తిరగలిని ఇచ్చేసిందని కథ. నిజంగా కూడా రాళ్ళ కొరత ఉండేది. పాత సమాధుల రాతి పెట్టెలు కూడా ఈ గోడల్లో ఉన్నాయి.

పైన కర్ర

లోపలికి వెళ్ళేటప్పుడు చెప్పులు విప్పి సంచిలో పట్టుకోవాలి. బయట నుంచి ఐదు అంతస్తులుగా కనిపించే బురుజులో నిజానికి ఆరు అంతస్తులు, ఒక నేలమాళిగ ఉన్నాయి. మెట్లు నిచ్చెనలంత నిటారుగా ఉంటాయి.

ఈ భవనానికి వెన్నెముక రెండు మహా స్తంభాలు, తూర్పున ఒకటి, పడమర ఒకటి. ఒక్కోటి దాదాపు 25 మీటర్ల ఎత్తు, మొదట్లో మీటరుకి కాస్త తక్కువ మందం. నేలమాళిగ నుంచి పై అంతస్తు నేల దాకా ఇవే అన్ని అంతస్తుల్నీ కలిపి పట్టుకుంటాయి. దూలాల అతుకులు గాడి, నాలుక పద్ధతిలో చెక్కి బిగించినవి. అలాంటి అతుకులు ఊపు వచ్చినప్పుడు కాస్త కదిలి ఆ శక్తిని తీసుకుంటాయి. 1995 జనవరిలో పక్కనే ఉన్న కోబె నగరాన్ని కూల్చేసిన భూకంపంలో ఈ బురుజుకి పెద్ద నష్టమేమీ జరగలేదు.

తెలుపు వెనక కెమిస్ట్రీ

కోట తెల్లగా ఉన్నది అందం కోసం మాత్రమే అనుకుంటే పొరపాటే. కర్రకి మొదటి శత్రువు నిప్పు. అందుకే గోడలు, చూరు కింది భాగం, పెంకుల అతుకులు అన్నిటికీ 'షిక్కుయి' అనే సున్నపు పూత వేశారు. ఆర్పిన సున్నంలో నార, సముద్రపు నాచు నుంచి తీసిన జిగురు కలుపుతారు. నార పగుళ్ళు రాకుండా పట్టుకుంటుంది, జిగురు వల్ల పూత నిదానంగా ఆరుతుంది. ఆపైన సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని మళ్ళీ సున్నపురాయిగా గట్టిపడుతుంది. మన పాత కట్టడాల్లో బెల్లం, కరక్కాయ నీళ్ళు కలిపిన డంగు సున్నం పని కూడా ఇదే. దేశాలు వేరైనా తాపీమేస్త్రీల తెలివి ఒకటే.

దారి తప్పించే దారి

గేట్ల పేర్లు తెలుగు క్లబ్ వాళ్ళకి నచ్చుతాయి. వాటిని పాత జపనీ అక్షరక్రమంలో 'ఇ', 'రొ', 'హ', 'ని' అని పిలుస్తారు, మనం 'అ గేటు', 'ఆ గేటు' అన్నట్టు. దారి మలుపులు తిరిగి, ఒక్కోసారి బురుజుకి దూరంగా పోతున్నట్టు అనిపిస్తుంది. గోడల్లో బాణాలకీ తుపాకులకీ గుండ్రం, త్రికోణం, చతురస్రం ఆకారాల్లో కన్నాలు ఉన్నాయి. ఇంత ఏర్పాటు చేసినా ఈ బురుజు మీద పెద్ద ముట్టడి ఒక్కటీ జరగలేదు.

నిజంగా వచ్చిన శత్రువులు

మొదటి శత్రువు సొంత బరువే. బురుజు మెల్లగా ఆగ్నేయానికి ఒరిగింది. తన పనిలోనే లోపం ఉందనుకుని ప్రధాన వడ్రంగి ప్రాణం తీసుకున్నాడని ఒక కథ చెబుతారు. ఇరవయ్యో శతాబ్దంలో విప్పి చూస్తే తెలిసింది, తప్పు వడ్రంగిది కాదు, కింద నేల కుంగడం వల్ల ఒరిగింది.

రెండో శత్రువు ప్రభుత్వం. 1873లో కోటలు ఇక అక్కర్లేదని ఆదేశం వచ్చింది. దేశమంతా కోటలు కూల్చేశారు. అసలు బురుజుతో ఈరోజు మిగిలినవి 12 మాత్రమే. హిమేజీ కోట కూడా వేలానికి వచ్చిందని, కొన్న మనిషి కూల్చే ఖర్చు భరించలేక వదిలేశాడని అంటారు. నకమురా షిగెతో అనే సైనికాధికారి దీన్ని కాపాడాలని పై అధికారులకి విన్నవించాడు. ఆయన పేరుతో ఒక రాయి కోట లోపల ఉంది.

మూడోది 1945 జులై. బాంబుదాడిలో ఊరు కాలిపోయింది. ఆకాశం నుంచి కనపడకుండా కోట మీద ముందే నల్లటి వలలు కప్పారు. పై అంతస్తులో పడిన బాంబు పేలలేదు.

విప్పి, మళ్ళీ కట్టి

యుద్ధం తర్వాత 1956 నుంచి 1964 వరకు బురుజుని మొత్తం విప్పి, కింద కాంక్రీటు పునాది వేసి మళ్ళీ నిలబెట్టారు. తూర్పు స్తంభానికి కుళ్ళిన మొదలు మార్చారు. పడమటి స్తంభం పూర్తిగా మార్చాల్సి వచ్చింది. దానికోసం కిసో అడవుల నుంచి తెచ్చిన మాను దారిలో విరిగిపోయింది. చివరికి దగ్గరి గుడి ఆవరణలోని చెట్టు ఒకటి తెచ్చి, రెండిటినీ మూడో అంతస్తు దగ్గర అతికి నిలబెట్టారు.

మళ్ళీ 2009 నుంచి 2015 వరకు పెంకులు, సున్నం పని జరిగింది. జనం దగ్గరి నుంచి చూసేలా లిఫ్ట్ కూడా పెట్టారు. పని పూర్తయ్యాక కోట మరీ తెల్లగా ఉందని కొందరు వెక్కిరించారు. ఆ తెలుపు కొన్నేళ్ళకి నాచు, బూజు పట్టి తగ్గిపోతుంది, మళ్ళీ పూత వేయాల్సిందే.

మనకి ఏమిటి?

స్తంభం మార్చారు, పునాది మార్చారు, పూత మార్చారు. మరి ఇది అదే కోటా? 1994లో నారా నగరంలో నిపుణులు కూర్చుని ఈ ప్రశ్న మీదే ఒక పత్రం రాశారు. అసలుతనాన్ని పదార్థంలోనే కాక, పనితనంలో, సంప్రదాయంలో, వాడుకలో కూడా చూడాలని దాని సారాంశం. నాకు ఆ మాట స్తంభం అతుకు దగ్గర నిలబడినప్పుడు అర్థమైంది. 1609 నాటి వడ్రంగికి తెలిసిన పని 1960లో ఇంకొకరికి తెలిసి ఉండబట్టే ఆ అతుకు సాధ్యమైంది.

కర్ర ఎలా నిలబడింది అన్నదానికి జవాబు నాకు ఇలా దొరికింది. నీళ్ళు పోయే దారి ఇచ్చారు, నిప్పుకి అడ్డం కట్టారు, ఏ భాగమైనా విప్పి మార్చుకునేలా కట్టారు, మార్చడం తెలిసిన మనుషుల్ని పోగొట్టుకోలేదు. మొదటి మూడూ డిజైన్ చేసేవాళ్ళ చేతిలో ఉంటాయి. నాలుగోది మాత్రం ప్రతి తరమూ మళ్ళీ నేర్చుకోవాలి.

మన ప్రాజెక్ట్ రిపోర్టుల్లో లోడ్ లెక్కలు ఉంటాయి, ఖర్చు ఉంటుంది. ఇది పాడైతే ఎవరు, ఎలా విప్పి బాగుచేస్తారు అనే పేజీ ఉండదు. ఈసారి మినీ ప్రాజెక్టుకి ఆ ఒక్క పేజీ కలిపి చూడండి. అది రాయాలంటే డిజైన్‌లో కొన్ని మార్పులు చేయాల్సి వస్తుంది. చేయండి.