రాష్ట్రం దాటితే ప్రిస్క్రిప్షన్ చెల్లదు: అమెరికాలో డాక్టర్లు, డీఈఏ నంబరు

డాలస్‌లో హాస్పిటలిస్టు ఉద్యోగమంటే చాలాచోట్ల వారం డ్యూటీ, వారం సెలవు. ఆ సెలవు వారంలో పక్కనున్న ఓక్లహామాకు లోకమ్ పనికి, అంటే తాత్కాలికంగా మరో డాక్టరు స్థానంలో చేసే పనికి, వెళ్లి నాలుగు డబ్బులు వెనకేసుకోవాలనుకునే డాక్టరు ఒకరిని ఊహించుకోండి. రిక్రూటర్ ఫోన్ చేస్తాడు. ఓక్లహామా లైసెన్సు ఉందా? ఉంది. బోర్డు సర్టిఫికేషన్? ఉంది. తేదీలు ఖాయమవుతాయి, హోటల్ కూడా బుక్ చేసేస్తారు. అప్పుడొస్తుంది ఆసుపత్రి క్రెడెన్షియలింగ్ విభాగం నుంచి ఈమెయిల్: ఓక్లహామా డీఈఏ కాపీ పంపండి. ఈయన దగ్గరున్నది టెక్సస్ అడ్రసు మీద తీసుకున్న నంబరు. రెడ్ రివర్ దాటాక దాంతో మార్ఫిన్ సంగతి సరే, నిద్రమాత్ర రాయడానికి కూడా లేదు.

డీఈఏ అంటే డ్రగ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ అడ్మినిస్ట్రేషన్. 1970 నాటి కంట్రోల్డ్ సబ్‌స్టెన్సెస్ యాక్ట్‌ను అమలు చేయడానికి 1973లో ఏర్పడిన ఫెడరల్ సంస్థ. ఆ చట్టం మందులను అలవాటుగా మారే గుణాన్ని బట్టి ఐదు షెడ్యూళ్లుగా విడదీసింది. మొదటి షెడ్యూలువి ఎవరూ రాయకూడదు. రెండో షెడ్యూలులో మార్ఫిన్, ఆక్సీకోడోన్, ఫెంటానిల్, పిల్లల ఏడీహెచ్‌డీకి వాడే అడెరాల్, రిటాలిన్ ఉంటాయి. వీటికి రీఫిల్ ఉండదు. మూడులో టెస్టోస్టెరాన్, కెటమిన్, బ్యుప్రెనార్ఫిన్. నాలుగులో ఆల్ప్రజోలం, జోల్పిడెమ్, ట్రమడాల్. కాబట్టి నొప్పి వైద్యం నా లైను కాదు, నాకెందుకీ గొడవ అనుకోవడానికి లేదు. సైకియాట్రీ ఈ మందులు లేకుండా నడవదు. ఫ్యామిలీ మెడిసిన్‌లో సాయంత్రంలోపు ఏదో ఒకటి రాయాల్సి వస్తుంది.

మన దగ్గర చదువుకున్నవాళ్లకు ఇది కొత్తగా ఉండటంలో ఆశ్చర్యం లేదు. మాదకద్రవ్యాలను నియంత్రించే మన ఎన్‌డీపీఎస్ చట్టం 1985ది. 2014 సవరణ తర్వాత మార్ఫిన్ వంటి అత్యవసర నార్కోటిక్ మందులకు అనుమతి ప్రధానంగా గుర్తింపు పొందిన వైద్య సంస్థకు ఉంటుంది. డాక్టరు పేరు మీద విడిగా నంబరంటూ ఉండదు. అమెరికాలో నంబరు డాక్టరు పేరు మీదే ఇస్తారు, కానీ ఒక అడ్రసుకు, ఆ అడ్రసున్న రాష్ట్రానికి కట్టేసి ఇస్తారు. ఆ రాష్ట్రంలో మీకు మందులు రాసే అధికారం ఉంటేనే డీఈఏ తన అనుమతి ఇస్తుంది. అక్కడ లైసెన్సు పోతే ఇదీ నిలవదు. ఫెడరల్ సంస్థ ఇచ్చింది కదా, దేశమంతా చెల్లుతుందని మొదట్లో ఎవరికైనా అనిపిస్తుంది. చెల్లదు.

ఒకే రాష్ట్రంలో అయితే పట్టు కొంత సడలుతుంది. డాలస్‌లోనూ హ్యూస్టన్‌లోనూ చూస్తూ, రెండో చోట ప్రిస్క్రిప్షన్ రాయడం తప్ప మందు నిల్వ పెట్టకుండా, స్వయంగా ఇవ్వకుండా ఉంటే ఒక్క నంబరు చాలు. హ్యూస్టన్ క్లినిక్‌లో కెటమిన్ బీరువాలో పెట్టుకుని ఎక్కిస్తామంటే ఆ అడ్రసుకు వేరే రిజిస్ట్రేషన్ కావాల్సిందే.

పని వరస ఇదీ: ముందు రాష్ట్ర మెడికల్ లైసెన్సు, తర్వాత రాష్ట్ర కంట్రోల్డ్ సబ్‌స్టెన్స్ రిజిస్ట్రేషన్, ఆ తర్వాత డీఈఏ. నడిమి మెట్టు అన్ని రాష్ట్రాల్లో ఉండదు, అందుకే అక్కడ చాలామంది తడబడతారు. టెక్సస్ దీన్ని 2016లో ఎత్తేసింది. ఇల్లినాయ్, మిషిగన్, న్యూజెర్సీ, మేరీలాండ్, మసాచుసెట్స్‌లలో ఇంకా ఉంది. ఓక్లహామాలో దీనికి నార్కోటిక్స్ బ్యూరో అని ప్రత్యేక కార్యాలయమే ఉంది. ఈ రాష్ట్ర రిజిస్ట్రేషన్ చేతికి రాకముందే డీఈఏకి అప్లై చేస్తే ఆ ఫైలు ముందుకు కదలదు. కొత్త అప్లికేషన్‌కు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందని డీఈఏ చెబుతుంది. దానికి ముందు రాష్ట్రం తీసుకునే సమయం కూడా కలుపుకోండి. జులై ఒకటిన ఉద్యోగంలో చేరాలంటే మే నెలలో మేల్కొంటే ఆలస్యమే.

ఇవన్నీ అయ్యాక ప్రిస్క్రిప్షన్ మానిటరింగ్ డేటాబేస్‌లో చేరాలి. ఈ రోగి ఇంకెక్కడెక్కడ ఏ మందు తీసుకున్నాడో చూడకుండా రాయకూడదని చాలా రాష్ట్రాల నియమం. ఇదీ రాష్ట్రానికొకటి, పేరు కూడా రాష్ట్రానికొకటి: కాలిఫోర్నియాలో క్యూర్స్, ఒహాయోలో ఓఆర్స్. అందరికంటే చివర్న మిస్సోరి 2021లో చట్టం చేసుకుంది.

రెసిడెంట్ల సంగతి వేరు. చాలా ప్రోగ్రాముల్లో సొంత డీఈఏ లేకుండానే ఆసుపత్రి నంబరు చివర మీకంటూ ఇచ్చిన కోడ్ తగిలించి రాస్తారు. అది ఆ ఆసుపత్రి పనికే పరిమితం. వారాంతంలో వేరే అర్జంట్ కేర్‌లో మూన్‌లైటింగ్ చేస్తూ ఆ నంబరుతో రాయడం నేరం. అసలు జే-1 వీసా మీద ఉన్నవాళ్లు మూన్‌లైటింగ్ చేయకూడదు. హెచ్-1బీ వాళ్లకైతే రెండో యజమాని విడిగా పిటిషన్ వేయాలి. చేతిలో డీఈఏ ఉన్నంత మాత్రాన వీసా ఒప్పుకున్నట్టు కాదు. ఈ రెంటినీ కలిపి చూసేవాళ్లు ఆఫీసుల్లో ఎవరూ ఉండరు, ఎవరి బల్ల వాళ్లది. లెక్క మీరే చూసుకోవాలి.

లోకమ్ వెళ్లేవాళ్లకు మరో దారి ఉంది. వెళ్లిన ఆసుపత్రి ఒప్పుకుంటే, రాష్ట్ర చట్టం అనుమతిస్తే, రెసిడెంట్లలాగే వాళ్ల నంబరు కింద పనిచేయవచ్చు. వారం పది రోజుల పనికి ఇది మేలు. అన్ని ఆసుపత్రులూ ఒప్పుకోవు కాబట్టి సంతకానికి ముందే అడగండి. రెసిడెన్సీ అయ్యాక ఒహాయో వదిలి పూర్తిగా టెక్సస్ వెళ్లిపోతుంటే కొత్త నంబరు కొనక్కర్లేదు. ఉన్నదాన్నే కొత్త అడ్రసుకు మార్చుకోవచ్చు, దానికి ఫీజు లేదు. కానీ మారిన క్షణం నుంచి ఒహాయోలో రాయడం బంద్.

నంబరు ఎలా ఉంటుందో కూడా ఒకసారి చూడండి. రెడ్డి అనే ఇంటిపేరున్న డాక్టరుకు ఎఫ్‌ఆర్1234563 వచ్చిందనుకుందాం. రెండో అక్షరం ఇంటిపేరులో మొదటిది. ఒకటి, మూడు, ఐదు స్థానాల్లోని అంకెలు కూడితే 9. రెండు, నాలుగు, ఆరు స్థానాలవి కూడితే 12, రెట్టిస్తే 24. రెండూ కలిపితే 33. అందులో చివరి 3 నంబరు చివరి అంకెతో కలవాలి. దొంగ ప్రిస్క్రిప్షన్ వస్తే ఫార్మసిస్టు కాగితం మీదే పట్టేస్తాడు. ఇక ఇంటిపేరు విషయం మనవాళ్లకు మరీ ముఖ్యం. ఒక రాష్ట్ర లైసెన్సు మీద ఇంటిపేరు ముందు, ఇంకోదాని మీద వెనక, మరోచోట పొడి అక్షరం మాత్రమే ఉంటే ప్రతి అప్లికేషనూ ఎక్కడో ఒకచోట చిక్కుకుంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి వచ్చినవాళ్ల పాట్లు చెప్పనక్కర్లేదు. విదేశాల్లో చదివిన డాక్టర్లకు సర్టిఫికెట్ ఇచ్చే ఈసీఎఫ్‌ఎంజీ దగ్గర మొదలుపెట్టినప్పుడే ఒక రూపం ఖాయం చేసుకుని దానికే కట్టుబడండి.

ఇంటర్‌స్టేట్ మెడికల్ లైసెన్సర్ కాంపాక్ట్ వచ్చాక రాష్ట్రాల లైసెన్సులు తేలికయ్యాయి. 2017 నుంచి ఈ దారిలో లైసెన్సులు ఇస్తున్నారు, 40కి పైగా రాష్ట్రాలు చేరాయి, టెక్సస్, ఓక్లహామా రెండూ ఉన్నాయి. అయితే కాంపాక్ట్ ఇచ్చేది లైసెన్సే. డీఈఏ, నడిమి మెట్టు ఎప్పటిలాగే విడివిడిగా తెచ్చుకోవాలి. రిక్రూటర్లు కాంపాక్ట్ ఉంటే చాలన్నట్టు మాట్లాడతారు, నమ్మకండి.

టెలీమెడిసిన్‌లో రోగి కూర్చున్న రాష్ట్రమే లెక్క. ఇంటర్నెట్‌లో కొన్న నొప్పి మాత్రలతో 2001లో కాలిఫోర్నియా కుర్రాడు రయాన్ హైట్ చనిపోయాడు. అతని పేరు మీదే 2008లో చట్టం వచ్చింది. కంట్రోల్డ్ మందు ఆన్‌లైన్‌లో రాయాలంటే ముందొకసారి ఎదురుగా చూసి తీరాలన్నది దాని సారం. 2020లో కరోనాతో ఆ షరతు సడలించారు, రాష్ట్రానికొక డీఈఏ ఉండాలన్న షరతునూ సడలించారు. గడువు ముగిసే ప్రతిసారీ పొడిగిస్తూ వచ్చారు. 2025 జనవరిలో టెలీమెడిసిన్‌కు ప్రత్యేక రిజిస్ట్రేషన్లు పెడతామని డీఈఏ ప్రతిపాదించింది. ఇలా ఏటా గడువుతో వేలాడే వెసులుబాటును నమ్ముకుని ఉన్న ఉద్యోగం వదిలి టెలీసైకియాట్రీ కంపెనీలో చేరడం నా దృష్టిలో తొందరపాటే. ఆ సడలింపు ఉన్న రోజుల్లో కూడా రాష్ట్ర చట్టాలు వర్తిస్తాయి. ఆన్‌లైన్‌లో అడెరాల్ విచ్చలవిడిగా రాయించారన్న అభియోగంతో 2024 జూన్‌లో ఒక టెలీహెల్త్ కంపెనీ పెద్దలను అరెస్టు చేసిన సంగతి గుర్తుండాలి.

2023 జూన్ 27 నుంచి ఒక షరతు కొత్తగా చేరింది. వ్యసన చికిత్స గురించి ఎనిమిది గంటల శిక్షణ పొందినట్టు అప్లికేషన్‌లో టిక్ పెట్టాలి. జీవితంలో ఒక్కసారి చాలు, గతంలో గుర్తింపు ఉన్న సంస్థ దగ్గర తీసుకున్నదీ లెక్కకొస్తుంది. గత ఐదేళ్లలో అమెరికన్ మెడికల్ కాలేజీలో ఈ పాఠాలు చదివి బయటికొచ్చినవాళ్లకు మినహాయింపు ఉంది. మన కాలేజీల్లో చదివినవాళ్లకు అది వర్తించదు. సర్టిఫికెట్ దాచుకోండి.

డీఈఏ రిజిస్ట్రేషన్ గడువు మూడేళ్లు. రెన్యువల్ గుర్తు చేయడం ఈమెయిల్‌లోనే. రెసిడెన్సీ నాటి ఆసుపత్రి ఈమెయిల్ ఇచ్చి ఉంటే ఆ కబురు మీకు అందదు. తేదీ దాటాక నెలలోపు పునరుద్ధరించుకోవచ్చు. కానీ ఆ మధ్యలో ఒక్క కంట్రోల్డ్ మందు కూడా రాయకూడదు. నెల దాటితే కొత్తగా అప్లై చేయాలి. డీఈఏ ఏజెంట్లమంటూ ఫోన్ చేసి, మీ నంబరు మీద కేసుంది, డబ్బు కడితే వదిలేస్తామని బెదిరించే మోసగాళ్ల గురించి ఆ సంస్థే హెచ్చరికలు జారీ చేసింది. అలాంటి ఫోన్ వస్తే పెట్టేయండి.

ఇక ఖర్చు. ఒక్కో రిజిస్ట్రేషన్‌కు మూడేళ్లకు 888 డాలర్లు. మూడు రాష్ట్రాలంటే 2,664, రాష్ట్ర ఫీజులు అదనం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో, వెటరన్స్ వ్యవస్థలో పనిచేసేవాళ్లకు ఫీజు మినహాయింపు ఉంది, కానీ ఆ నంబరు బయటి పనికి వాడకూడదు. ప్రైవేటు యజమానులు చాలాచోట్ల కడతారు, అదీ ఒక్క రాష్ట్రానికే. ఒప్పందంలో లైసెన్సు ఖర్చులు భరిస్తాం అని మాత్రమే ఉంటే అందులో డీఈఏ, రాష్ట్ర రిజిస్ట్రేషన్ ఉన్నాయో లేదో, ఏయే రాష్ట్రాలవో, ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలో అక్కర్లేదో రాతపూర్వకంగా రాయించుకున్నాకే సంతకం పెట్టండి.