కేకకు అందని ప్రింటరు

మేనకోడలికి,

నువ్వు గీసి పంపిన బొమ్మ చూశాను. ఇంటి నెట్‌వర్క్‌ను మూడు భాగాలు చేశావు. మీ ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఒకదాంట్లో. సీసీ కెమెరాలు, టీవీ, స్మార్ట్ బల్బులు, ప్రింటరు రెండోదాంట్లో. ఇంటికొచ్చే చుట్టాలకు మూడోది. పాలిటెక్నిక్‌లో వీల్యాన్ల పాఠం విని ఊరుకోకుండా ఇంట్లో చేసి చూశావంటే నాకు చాలా సంతోషంగా ఉంది. అయితే అప్పటి నుంచీ ప్రింటరు ఎవరికీ కనబడటం లేదనీ, తమ్ముడి హాల్ టికెట్ కోసం మీ నాన్న జిరాక్స్ షాపుకు వెళ్లాల్సి వచ్చిందనీ, "అన్నీ మళ్లీ ఒకే వైఫైలో పెట్టెయ్" అంటున్నారనీ రాశావు. పెట్టెయ్యకు. నువ్వు చేసింది సరైన పనే. సగంలో ఆగింది, అంతే.

విడదీయడం ఎందుకని మీ నాన్న అడిగితే రెండు సంగతులు చెప్పు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసిన సీసీ కెమెరాలను, డీవీఆర్‌లను లక్షల్లో లొంగదీసుకుంది. ఆ ఏడాది అక్టోబరు 21న అలా పట్టుబడ్డ పరికరాలతోనే డైన్ అనే డీఎన్ఎస్ సంస్థ మీద దాడి చేయిస్తే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి కూడా చాలామందికి గంటల తరబడి తెరుచుకోలేదు. 2018 చివర్లో ఒకడు ఇంటర్నెట్‌కు తెరిచి వదిలేసిన ప్రింటర్లను వెతికి పట్టుకుని, వేలాది ప్రింటర్లలో ఒక యూట్యూబ్ ఛానల్ ప్రచార కాగితాలు అచ్చు వేయించాడు. ప్రింటరు కూడా ఒక చిన్న కంప్యూటరే తల్లీ. దాని లోపల వెబ్ సర్వర్ ఉంటుంది, మెమరీ ఉంటుంది, కొన్ననాటి నుంచి ఎవరూ అప్‌డేట్ చేయని సాఫ్ట్‌వేర్ ఉంటుంది. మీ ఆధార్ కార్డులు, పాస్‌బుక్కులు స్కాన్ అయ్యేదీ దాని మీదే.

ఇక అసలు విషయానికి వస్తాను. ప్రింటరు కనబడటం వేరు, ప్రింటరును చేరుకోవడం వేరు. ఈ రెండూ ఒకే పని అనుకోవడం వల్లే ఇంట్లో ఇంత గొడవ.

ముందు కనబడటం గురించి. ల్యాప్‌టాప్‌లో "యాడ్ ప్రింటర్" నొక్కగానే అది ఏ జాబితానూ చూడదు. "ఇక్కడ ప్రింటర్లు ఎవరైనా ఉన్నారా?" అని నెట్‌వర్క్ అంతటికీ వినబడేలా కేక వేస్తుంది. ఆ పద్ధతి పేరు ఎండీఎన్ఎస్. కేక వెళ్లేది 224.0.0.251 అనే మల్టీకాస్ట్ అడ్రస్‌కు, 5353 పోర్ట్ మీద. ఆ కేక విన్న ప్రింటరు తన పేరు, అడ్రస్ చెబుతుంది. విండోస్ అయితే దీనితోపాటు 239.255.255.250కు, 3702 పోర్ట్ మీద మరో రకం కేక కూడా వేస్తుంది. కూరగాయల బండి అతను మన వీధిలో వేసిన కేక పక్క వీధికి వినబడనట్టే, ఎండీఎన్ఎస్ కేక కూడా తన నెట్‌వర్క్ దాటి వెళ్లదు. ఇది లోపమని అనుకోకు. 224.0.0తో మొదలయ్యే అడ్రస్‌లకు పంపినదాన్ని రౌటర్ ముందుకు పంపకూడదన్నది నియమం. మీ రౌటర్ ఆ నియమం పాటిస్తోంది.

ఇక్కడ కాస్త చరిత్ర చెప్పాలనిపిస్తోంది. 1980లలో ఆపిల్ కంప్యూటర్లు వాడిన ఆపిల్‌టాక్‌లో ఇలాంటి వెదుకులాట రౌటర్లను కూడా దాటేది. నెట్‌వర్క్‌లను జోన్లుగా విడదీసి, ఏ జోన్‌లో వెతకాలో మనిషే ఎంచుకుంటే, రౌటర్లు ఆ ప్రశ్నను అక్కడికి మోసుకెళ్లేవి. ఆ సుఖం ఐపీ నెట్‌వర్క్‌లలోనూ ఉండాలని స్టువర్ట్ చెషైర్ అనే ఇంజినీరు పట్టుబట్టి పనిచేశాడు. 2002లో ఆపిల్ దాన్ని రాండెవూ అన్న పేరుతో తెచ్చింది, 2005లో బోంజూర్ అని పేరు మార్చింది. 2013లో అందులోని ఎండీఎన్ఎస్ ఆర్ఎఫ్‌సీ 6762గా అచ్చయింది. ఒక్క నెట్‌వర్క్‌లో ఆ సుఖం పూర్తిగా వచ్చింది కానీ, నెట్‌వర్క్‌లు దాటే భాగం మాత్రం వెనకబడింది. అందుకే నీ బోటి పిల్లలు ఇప్పటికీ ఈ పని చేత్తో చేసుకోవాలి.

చేరుకోవడం సంగతి ఇంకోలా ఉంటుంది. మీ మొదటి నెట్‌వర్క్ అడ్రస్‌లు 192.168.10తో, రెండోదానివి 192.168.20తో మొదలవుతాయని రాశావు. ప్రింటరుది 192.168.20.50 అనుకుందాం. ల్యాప్‌టాప్ తన సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0తో పోల్చి చూసుకుంటుంది. మూడో అంకె కలవలేదు గనుక ఇది పక్క నెట్‌వర్క్ అని తెలుసుకుని, ప్యాకెట్‌ను గేట్‌వేకు, అంటే రౌటర్‌కు ఇస్తుంది. రౌటర్‌కు రెండు నెట్‌వర్క్‌లూ తెలుసు. మధ్యలో ఫైర్‌వాల్ అడ్డుపడకపోతే ప్యాకెట్ నేరుగా ప్రింటరు దగ్గరికి పోతుంది. దీనికి కేకతో పనే లేదు. అడ్రస్ తెలిస్తే చాలు.

అందుకని ముందు ఏది ఆగిందో తేల్చుకో. ప్రింటరు ప్యానెల్‌లోంచి నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ పేజీ ప్రింట్ తీయి. అందులో అడ్రస్ చూసి, ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో ఆ అంకెలే కొట్టు. ప్రింటరు సొంత పేజీ తెరుచుకుంటే దారి బాగానే ఉంది, కేక ఒక్కటే అందడం లేదు. తెరుచుకోకపోతే ల్యాప్‌టాప్‌ను కాసేపు ఆ రెండో వైఫైకే కలిపి మళ్లీ చూడు. అక్కడ తెరుచుకుంటే మధ్యలో ఫైర్‌వాల్ ఆపుతూ ఉండొచ్చు. అక్కడా తెరుచుకోకపోతే ఆ వైఫైకి క్లయింట్ ఐసొలేషన్ ఆన్‌లో ఉండొచ్చు. ఒకే వైఫైలో ఉన్న పరికరాలను కూడా అది ఒకదానితో ఒకటి మాట్లాడనివ్వదు.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని జాగ్రత్తగా చూడు. ప్రింటరు పక్కనే కూర్చుని అదే వైఫైలో ప్రయత్నిస్తే అన్నీ పనిచేస్తాయి. ఫైర్‌వాల్‌లో అనుమతి కూడా ఇచ్చి ఉంటావు. అయినా పక్క నెట్‌వర్క్ నుంచి ఉలుకూ పలుకూ ఉండదు. అప్పుడు ఆ పేజీలో గేట్‌వే అని ఉన్న గడి చూడాలి. ప్రింటరుకు అడ్రస్ చేత్తో పెట్టినవాళ్లు చాలాసార్లు ఆ గడి ఖాళీగానో, 0.0.0.0గానో వదిలేస్తారు. అలాంటప్పుడు నీ ప్యాకెట్ ప్రింటరుకు చేరుతుంది, ప్రింటరు జవాబు కూడా రాసుకుంటుంది. కానీ 192.168.10 అన్నది ఎటు ఉందో దానికి తెలియదు గనుక ఆ జవాబును ఎవరి చేతికీ ఇవ్వలేదు. వెళ్లే దారి ఎంత ముఖ్యమో, వచ్చే దారీ అంతే ముఖ్యం. నెట్‌వర్క్ నేర్చుకునే వాళ్లు చాలామంది మొదటిదాన్నే చూసి తల బద్దలు కొట్టుకుంటారు. అసలు ప్రింటరులో అడ్రస్ చేత్తో పెట్టనే వద్దు. అది ఆటోమేటిక్‌గానే తీసుకోనివ్వు. రౌటర్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అనే చోట ప్రింటరు మ్యాక్ అడ్రస్‌కు 192.168.20.50ని కట్టబెట్టు. అడ్రస్ మారదు, గేట్‌వే కూడా దానంతటదే సరిగ్గా వస్తుంది.

ఇప్పుడు ఫైర్‌వాల్. మొదటి నెట్‌వర్క్ నుంచి ఆ ఒక్క అడ్రస్‌కు, 631, 9100 పోర్టుల మీద టీసీపీని అనుమతించు. 631 అంటే ఐపీపీ, ఈ కాలపు ప్రింటింగ్ చాలావరకు దాని మీదే నడుస్తుంది. 9100 పాత పద్ధతి, ఇప్పటికీ చాలా డ్రైవర్లు వాడతాయి. రెండో నెట్‌వర్క్ నుంచి మొదటిదానికి మాత్రం ఏదీ తెరవకు. "మరి ప్రింటరు జవాబు ఎలా వస్తుంది?" అని అడుగుతావని తెలుసు. నువ్వు మొదలుపెట్టిన సంభాషణకు వచ్చే జవాబును రౌటర్ గుర్తుపెట్టుకుని వదులుతుంది. తనంతట తాను మొదలుపెట్టి వచ్చేదాన్నే ఆపుతుంది. చాలా రౌటర్లలో ఆ ఏర్పాటు ముందే ఉంటుంది, లేకపోతే "ఎస్టాబ్లిష్డ్, రిలేటెడ్" అన్న నియమాన్ని అన్నిటికన్నా పైన పెట్టాలి. ఇక ఇంటర్నెట్ వైపు నుంచి 9100ను ఎప్పుడూ, ఎవరు చెప్పినా తెరవకు. 2018లో కాగితాలు అచ్చయిన ప్రింటర్లు అలా తెరిచి ఉన్నవే.

విండోస్‌లో ప్రింటరును కేక మీద వదిలేయకుండా "యాడ్ మాన్యువల్లీ" తీసుకుని ఐపీ అడ్రస్‌తోనే చేర్చు. పాత ప్రింటరు ఎంట్రీ డబ్ల్యూఎస్‌డీ పోర్ట్ మీద ఉంటే తీసెయ్, అది కేక మీద ఆధారపడ్డది. చేర్చాక కొన్నిసార్లు ప్రింటరు బాగానే ఉన్నా "ఆఫ్‌లైన్" అని చూపిస్తుంది. విండోస్ ఎస్ఎన్ఎంపీ ద్వారా, యూడీపీ 161 పోర్ట్ మీద ప్రింటరు క్షేమసమాచారం అడుగుతుంది. ఫైర్‌వాల్ దాన్ని ఆపితే జవాబు రాక ఆఫ్‌లైన్ అనుకుంటుంది. ఆ పోర్ట్‌ను కూడా అనుమతించు, లేదా ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్, కన్ఫిగర్ పోర్ట్‌లోకి వెళ్లి ఎస్ఎన్ఎంపీ స్టేటస్ టిక్ తీసెయ్.

ఫోన్ల దగ్గర కొంచెం కష్టం. ఆండ్రాయిడ్‌లో ప్రింట్ సర్వీస్ సెట్టింగ్స్‌లో ఐపీ అడ్రస్‌తో ప్రింటరు చేర్చే వీలుంది. మీ అమ్మ ఐఫోన్ మాత్రం ఎయిర్‌ప్రింట్ ద్వారా కేక వేసే వెతుకుతుంది, అడ్రస్ కొట్టే గడి అందులో ఉండదు. దానికోసం కేకను ఒక నెట్‌వర్క్ నుంచి విని రెండోదాంట్లో మళ్లీ వేసే సాయం కావాలి. రౌటర్ సెట్టింగ్స్‌లో ఎండీఎన్ఎస్ రిపీటర్ అనో, రిఫ్లెక్టర్ అనో, బోంజూర్ గేట్‌వే అనో ఉంటే అదే. లేకపోతే రెండు నెట్‌వర్క్‌లలోనూ కాలు పెట్టిన రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద అవాహి అనే ప్రోగ్రాం నడిపి, దాని కాన్ఫిగరేషన్ ఫైలులో రిఫ్లెక్టర్‌ను "ఎస్" చేస్తే చాలు.

రిఫ్లెక్టర్ కేకను మాత్రమే మోస్తుంది, ప్రింట్ చేయాల్సిన ఫైలును మోయదు. అది ఆన్ చేయగానే ఐఫోన్‌లో ప్రింటరు పేరు కనబడుతుంది, అందరూ సంబరపడతారు, ప్రింట్ నొక్కితే కదలదు. ప్రింటరు చెప్పిన 192.168.20.50కు ఫోను ఇక మామూలు దారిలోనే వెళ్లాలి, ఆ దారిలో ఫైర్‌వాల్ అనుమతి ఉండాలి. అందుకే అనుమతి ముందు పెట్టి, కేక సంగతి తర్వాత చూడమంటున్నాను. రిఫ్లెక్టర్‌ను మొదటి రెండు నెట్‌వర్క్‌ల మధ్యే ఉంచు. చుట్టాల వైఫైలోకి కూడా వదిలితే ఇంట్లో ఏ టీవీ ఉందో, ఏ పరికరం పేరేమిటో వచ్చినవాళ్ల ఫోన్లకల్లా తెలుస్తుంది. చుట్టాలకు ప్రింట్ కావాలంటే పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపమను, నువ్వు తీసివ్వు.

స్కానింగ్‌లో ఒక్క తేడా గుర్తుంచుకో. ల్యాప్‌టాప్‌లోంచి స్కాన్ మొదలుపెడితే సంభాషణ నీది గనుక పనిచేస్తుంది. కొన్ని ప్రింటర్లకు దానికోసం 80, 443 కూడా తెరవాలి. ప్రింటరు మీది బటన్ నొక్కి కంప్యూటర్‌కు పంపాలంటే మాత్రం అక్కడ మొదలుపెట్టేది ప్రింటరు, దాన్ని ఫైర్‌వాల్ ఆపుతుంది. దానికోసం నియమం సడలించకు, స్కాన్‌ను పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోమని మీ నాన్నకు చెప్పు. ప్రింటరు "డైరెక్ట్" అన్న మాటతో సొంతంగా చూపించే వైఫై పేరును కూడా ఆపెయ్, లేదా పాస్‌వర్డ్ మార్చు. నువ్వు కట్టిన ఏర్పాటంతటినీ తప్పించుకునే దారి అది.

మీ పిన్ని వాళ్లింటి సంగతి కూడా అడిగావు. వాళ్లది వేరే జబ్బు. కేబుల్ ఆయన పెట్టిన పెట్టె కింద ఉంది, పైఅంతస్తుకు సిగ్నల్ రావట్లేదని ఇంకో రౌటర్ కొని దాని వ్యాన్ పోర్ట్‌కు వైరు కలిపారు. దాంతో తెలియకుండానే రెండు నెట్‌వర్క్‌లయ్యాయి. పైవాళ్లు కింది ప్రింటరును అడ్రస్‌తో చేరుకోగలరు, కిందివాళ్లు పైకి రాలేరు. పై రౌటర్ చేసే నాట్, అంటే అడ్రస్ మార్పిడి వల్ల. వాళ్లకు రెండు నెట్‌వర్క్‌ల అవసరమే లేదు. పై రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెడితే ఇల్లంతా ఒకటవుతుంది. వైఫై పేర్లు 2.4, 5 అని రెండు కనబడుతున్నాయని పిన్ని భయపడుతోందట, మామూలుగా ఆ రెండూ ఒకే నెట్‌వర్క్. చాలా ప్రింటర్లకు 2.4 మాత్రమే తెలుసు, దాంట్లో కలిపితే సరి.

చివరగా, మీ రౌటర్‌లో ఒక్కొక్క అడ్రస్‌కు నియమం రాసే వీలు లేదనుకో. చౌక రౌటర్లలో గెస్ట్ నెట్‌వర్క్ అంటే మొత్తం మూసెయ్యడమే, మధ్యలో సందు ఉండదు. అప్పుడు ప్రింటరును మొదటి నెట్‌వర్క్‌లోకి తెచ్చెయ్, కెమెరాలు, బల్బులు అవతలే ఉండనీ. పేరెంటల్ కంట్రోల్‌లో ప్రింటరుకు ఇంటర్నెట్ ఆపు. అప్‌డేట్ వేసేటప్పుడు మాత్రం తెరిచి మళ్లీ మూసెయ్. ఇంట్లో అందరూ రోజూ వాడేది అందరికీ అందుబాటులో ఉండటం ముఖ్యం. మీ నాన్న మాటలోనూ ఆ మేరకు న్యాయం ఉంది.

కాన్ఫిగరేషన్ పేజీ తీశాక ఫొటో పంపు, గేట్‌వే గడి స్పష్టంగా కనబడాలి. రౌటర్ మోడల్ పేరు కూడా రాయి, రిఫ్లెక్టర్ ఏ మెనూలో ఉందో చూసి చెబుతాను. బావగారికి నమస్కారాలు, అక్కను అడిగానని చెప్పు.

మామయ్య