నీడలలో వెదకే చూపు

1895 నవంబరు 8వ తేదీన జర్మనీలోని వుర్జ్‌బర్గ్ నగరంలో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ ఎక్స్-కిరణాలను కనుగొన్నాడు. నాటి నుండి మానవ దేహాంతర్భాగం నీడల రూపంలో వైద్యుని కన్నుల ఎదుటికి వచ్చింది. కిరణాలను అడ్డగించే ఎముకలు తెల్లగాను, గాలి నిండిన ఊపిరితిత్తులు నల్లగాను కనిపిస్తాయి. అయితే లోతు గల దేహమంతా ఒకే తలంపై పరచుకొనడం వల్ల పక్కటెముక నీడపై రక్తనాళపు నీడ, దానిపై గుండె నీడ పడతాయి. వీటి నడుమ అగుపించే చిన్న మచ్చ వ్యాధి చిహ్నమా, నీడల కలయికా అన్నది తేల్చడం సులభం కాదు. ఈనాడు కంప్యూటర్లు తోడ్పడుతున్నా ఈ భారం ప్రధానంగా వైద్యుని కంటిదే.

ఆ కన్ను ఎట్లా పనిచేస్తుంది? 1975లో అమెరికా పరిశోధకులు కుండెల్, నోడైన్ అనేవారు ఛాతీ ఎక్స్-రేలను నిపుణులకు సెకనులో ఐదవ వంతు కాలం మాత్రమే చూపారు. చూపు కదల్చడానికైనా చాలని ఆ వ్యవధిలో వారు నూటికి సుమారు డెబ్బై దోషాలను పసిగట్టారు. వేలకొలది చిత్రాలను చూచిన వారి మనస్సులో ఆరోగ్యవంతుని రూపం ముద్రపడి ఉంటుంది. సంగీత విద్వాంసుని చెవికి అపస్వరం తగిలినట్లు, ఆ రూపానికి భిన్నమైనది వారి కంటికి తగులుతుంది.

తక్కిన వాటికై ఓపికతో వెదకవలసిందే. కుడి ఎడమలను పోల్చాలి. జత్రుక మాటున, గుండె వెనుక, ఉదరవితానం అంచున పరికించాలి. స్థాలీపులాక న్యాయం ఇక్కడ చెల్లదు. ప్రతి మెతుకునూ పట్టి చూడవలసిందే. మరొక చిక్కు ఉన్నది. ఒక దోషం దొరకగానే మనస్సు తృప్తి చెందుతుంది. విరిగిన పక్కటెముకను గుర్తించిన తృప్తిలో, చేరువనే ఉన్న కణితి మరుగున పడవచ్చు. అది క్యాన్సరు అయితే రోగికి చికిత్స అందే కాలం దాటిపోవచ్చు.

2013లో వెలువడిన ఒక పరిశోధన ఇంకా ఆశ్చర్యకరమైనది. ఊపిరితిత్తుల సి.టి. స్కాన్ చిత్రాలలో కణుతులను వెదకమని 24 మంది రేడియాలజిస్టులను కోరారు. కొన్ని చిత్రాలలో కణితికి 48 రెట్లున్న గొరిల్లా బొమ్మను చొప్పించారు. ఇరవై మంది దానిని గమనించలేదు! వారిలో పన్నెండు మంది చూపు సరిగా ఆ బొమ్మపైననే నిలిచిందని కంటి కదలికలను నమోదు చేసిన యంత్రం తెలిపింది. 'కంటికి ఆనలేదు' అన్న మన తెలుగు పలుకుబడి ఈ స్థితికి చక్కగా సరిపోతుంది. కణుతులకై వెదకే మనస్సుకు గొరిల్లా ఆనలేదు.

రోగి పాత ఎక్స్-రేను కూడా తెమ్మని వైద్యుడు అడగడంలోని ఆంతర్యం ఇదే. రెంటినీ పక్కపక్కన ఉంచినప్పుడు, నిరుడు లేని నీడ ఈ యేడు ఎక్కడ చేరిందో కంటికి ఆనుతుంది.