కంప్యూటరుకు మన ఊరు ఎలా తెలుస్తుంది?

షాంఘై నుంచి ఒక యువకుడు ఉద్యోగానికని ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ వెళ్ళాడనుకుందాం. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ రోజూ రాత్రి అమ్మతో కలిసి ఒక సీరియల్ చూసేవాడు. పదో భాగం దాకా అయింది. మెల్బోర్న్‌లో అదే ఫోను తీసి, అదే యూకూ తెరిచి, పదకొండో భాగం మీద వేలు పెట్టాడు. బొమ్మ రాలేదు. హక్కుల కారణంగా ఈ ప్రాంతంలో దీనిని చూడడానికి వీలులేదని చైనా భాషలో ఒక పంక్తి మాత్రం కనిపించింది. చందా కట్టినవాడే! ఫోనూ మారలేదు, మనిషీ మారలేదు. మరి మారినదేమిటి?

మీరు ఉత్తరం రాసేటప్పుడు కవరు మీద మీ చిరునామా కూడా రాస్తారు కదూ! అది లేకపోతే జవాబు రాదు. ఇంటర్నెట్‌లోనూ అంతే. సీరియల్ పంపమని అడిగే ప్రతి కంప్యూటరుకూ, ఫోనుకూ ఒక తిరుగు చిరునామా ఉండాలి. దీనినే ఐ.పి. చిరునామా అంటారు. పాత పద్ధతిలో ఇందులో 4 సంఖ్యలు ఉంటాయి. ఒక్కొక్కటి 0 నుంచి 255 వరకు ఉండవచ్చు. (255 దగ్గరే ఎందుకు ఆగాలి? 8 బిట్లతో ఎన్ని సంఖ్యలు ఏర్పడతాయో కాగితం మీద వేసి చూడండి.) మొత్తం సుమారు 429 కోట్ల చిరునామాలు.

ఈ అంకెలలో ఊరి పేరు ఉండదు. కాని వీటిని ప్రపంచంలో 5 సంస్థలు కట్టలు కట్టలుగా పంచిపెడతాయి. ఆసియా, పసిఫిక్ దేశాలకు పంచే ఏప్‌నిక్ బ్రిస్బేన్ నగరంలో ఉంది. ఏ కట్ట ఏ దేశానికి పోయిందో పట్టీలలో రాసి ఉంటుంది. యూకూ కంప్యూటరు పట్టీ చూస్తుంది, అంతే. అది మనిషిని చూడదు, అంకెను చూస్తుంది.

ఇంత పట్టింపు ఎందుకంటే, సీరియల్ హక్కులను దేశాలవారీగా అమ్ముతారు. డీవీడీలకూ ఇదే తంతు: చైనాకు 6వ ప్రాంతం, ఆస్ట్రేలియాకు 4వది, మనకు 5వది.

చూసేది అంకెనే అయితే అంకెను మార్చవచ్చుగా అని మీకు తోచే ఉంటుంది. విదేశాలలోని చైనీయులకూ అదే తోచింది. చైనాలోని ఒక మధ్యవర్తి కంప్యూటరుకు ఉత్తరం పంపితే, అది తన చిరునామాతో యూకూను అడిగి, వచ్చినదాన్ని వీరికి చేరవేస్తుంది. ఇటువంటి ఏర్పాటుకు వారి భాషలో 'హుయ్‌గువో', అనగా 'స్వదేశానికి తిరిగి పోవడం' అని పేరు. చైనాలో ఉన్నవారు బయటి సైట్ల కోసం గోడ దూకుతుంటే, వీరు బయటి నుంచి లోపలికి దూకుతున్నారన్నమాట!

దీనికి ఖర్చు ఉంది. మెల్బోర్న్ నుంచి షాంఘై సుమారు 8,000 కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి వేగం సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు. అంటే పోయి రావడానికే కనీసం 0.08 సెకను. బొమ్మంతా ఆ ఒక్క మధ్యవర్తి గుండానే రావాలంటే రద్దీలో ఆగి ఆగి వస్తుంది. అన్‌బ్లాక్ యూకూ అనే ఉపకరణాన్ని తయారుచేసినవారు ఇక్కడ చక్కని ఉపాయం చేశారు. 'నీవెక్కడున్నావు?' అనే తనిఖీ మాత్రమే మధ్యవర్తి ద్వారా పోతుంది. బొమ్మ నేరుగా వస్తుంది.

అయితే మధ్యవర్తి ఎవరు? మీ ఉత్తరాలన్నీ మోసే మనిషికి మీరు ఎవరెవరికి రాస్తున్నారో తెలియకుండా ఉంటుందా? కవరు అంటించకపోతే లోపలి విషయమూ తెలుస్తుంది. ఉచితంగా మోస్తానని ముందుకొచ్చే అపరిచితుణ్ణి నేనైతే నమ్మను. పైగా ఇది సంస్థ పెట్టిన షరతులకు విరుద్ధం.

విదేశీ ప్రేక్షకుల కోసం ఐచీయీ సంస్థ 2019లో వేరే యాప్ తెచ్చింది. కాని ఇంట్లో వచ్చేవన్నీ అందులో రావు. మన యువకుడి సీరియల్ కూడా అందులో లేదనుకోండి. రాత్రి అయ్యేసరికి షాంఘైలో అమ్మ టీవీ పెట్టి, దాని ఎదుట తన ఫోనును గ్లాసుకు ఆనించి నిలబెడుతుంది. అటు మెల్బోర్న్‌లో కొడుకు వీడియో కాల్‌లో చూస్తాడు. బొమ్మ మసకగానే ఉంటుంది. యూకూ పట్టీ ప్రకారం మాత్రం ఆ సీరియల్ చూస్తున్నది షాంఘైలోని ఒక్క టీవీయే.